తాత ట్రంకు పెట్టెలో దినార్లు: విదేశీ నోట్లు కొనేముందు మడత చూడటం నేర్చుకో

దేవరకొండ తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇది. వాళ్ల తాత కువైట్‌లో డ్రైవర్‌గా చేసి, 1990లో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు అన్నీ వదిలేసి ఇంటికొచ్చాడు. ఈ మధ్య ఆయన ట్రంకు పెట్టె తెరిస్తే మూడు కువైట్ నోట్లు, సద్దాం బొమ్మ ఉన్న రెండు ఇరాక్ నోట్లు, ఒక సౌదీ రియాల్ దొరికాయి. అవి చూశాక ప్రపంచ దేశాల నోట్లు సేకరించాలని మనసు పడింది. నెలకు వెయ్యి రూపాయలు పెట్టగలడు. జింబాబ్వే 100 ట్రిలియన్ డాలర్ల నోటు "యూఎన్‌సీ" అని రాసి 800 రూపాయలకు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, కొనొచ్చా? ఈ గ్రేడ్లేంటి, మనంతట మనం తెలుసుకునేదెలా?

నాది మహబూబ్‌నగర్. ముప్పై ఏళ్లు బస్సు కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను. బొంబాయికి వలస పోయేవాళ్లు, గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు పాలమూరు బస్సు ఎక్కని రోజు ఉండేది కాదు. ఒకసారి జడ్చర్లలో దిగుతూ ఒకాయన ఐదు దిర్హమ్‌ల నోటు నా చేతిలో పెట్టి, "దీన్ని ఇక్కడెవరూ తీసుకోరు అన్నా, గుర్తుగా ఉంచుకో" అన్నాడు. అక్కడ మొదలైంది. ఇరవై రెండేళ్లలో తొంభైకి పైగా దేశాల నోట్లు జమయ్యాయి. కొన్ని పాఠాలు డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. నువ్వు పోగొట్టుకోకుండా నేర్చుకోవాలని ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ జింబాబ్వే నోటు. కొనకు తమ్మీ. 100 ట్రిలియన్ అంటే మన లెక్కలో కోటి కోట్లు, ఒకటి పక్కన పద్నాలుగు సున్నాలు. నోటు మీద 2008 అని ఉంటుంది, బయటికొచ్చింది 2009 జనవరిలో. 2015లో ఆ దేశం పాత డాలర్లను పూర్తిగా రద్దు చేసినప్పుడు, ఖాతాలో 175 క్వాడ్రిలియన్ (ఒక క్వాడ్రిలియన్ అంటే వెయ్యి ట్రిలియన్లు) వరకు ఉన్నవాళ్లకు ఇచ్చింది ఐదు అమెరికా డాలర్లు. ఆ లెక్కన అప్పుడు ఈ నోటు మన పావలా కూడా చేసేది కాదు. అదే నోటు ఇప్పుడు సేకరణదారుల మధ్య వేలల్లో పలుకుతోంది, ప్రపంచమంతా అడుగుతున్నారు కాబట్టి. అంత గిరాకీ ఉన్నదాన్ని, మంచి స్థితిలో ఉన్నదాన్ని 800కి ఎవరిస్తారు? నకళ్లు కుప్పలుగా ఉన్నాయి. బంగారు రేకు మీద అచ్చేసినవైతే ఆట వస్తువులే. అసలు నోటు కాగితమే, ఒకదాని మీద ఒకటి నిలబడ్డ చిరెంబా రాళ్ల బొమ్మ ఉంటుంది, వెలుతురుకు పెడితే వాటర్‌మార్క్‌లో జింబాబ్వే పక్షి, లోపల దారం కనబడతాయి. సీరియల్ నంబర్ ఏఏతో మొదలవుతుంది, రీప్లేస్‌మెంట్ నోటైతే, అంటే అచ్చులో పాడైనదాని బదులు వేసినదైతే, జెడ్‌ఏతో. అమ్మేవాళ్లు ఇవన్నీ కనబడేలా ఫోటో పెట్టకపోతే అక్కడితో వదిలేయి.

ఇక అసలు విషయం. గ్రేడ్ అంటే నోటు ఎంత నలిగిందో చెప్పే మాట. ఎంత పాతది, ఎంత అరుదైనది అన్నవి వేరే లెక్కలు. బాదేపల్లి మార్కెట్ యార్డులో పల్లికాయ కొనే ఖరీదుదారుని చూసే ఉంటావు. రైతు మాట వింటాడు, విని సంచిలోకి చెయ్యి పెట్టి అడుగు నుంచి గుప్పెడు తీసి, ఒలిచి గింజ చూసి అప్పుడు ధర చెప్తాడు. నోటు దగ్గరా అంతే. అమ్మేవాళ్లు రాసిన గ్రేడ్ వాళ్ల మాట. నీ గ్రేడ్ నువ్వు వేసుకోవాలి.

1961లో మొదలైన ఇంటర్నేషనల్ బ్యాంక్ నోట్ సొసైటీ పెట్టిన కొలతలే ఎక్కువమంది వాడతారు. యూఎన్‌సీ అంటే అన్‌సర్క్యులేటెడ్, చేతులు మారని నోటు: మడత, మరక, గుండ్రబడిన మూల, ఏదీ ఉండకూడదు. దాని కింద ఏయూ: దాదాపు కొత్తదే, నడిమధ్య ఒక పలచటి మడతో, కట్ట లెక్కపెట్టినప్పుడు పడ్డ వంపో, రెండింట్లో ఒకటి ఉండొచ్చు. ఈఎఫ్ లేదా ఎక్స్‌ఎఫ్‌లో మూడు వరకు తేలికపాటి మడతలు, లేదంటే ఒక గట్టి మడత ఉంటుంది, కాగితం మాత్రం కడక్‌గానే ఉంటుంది. వీఎఫ్‌కొస్తే అడ్డంగా, నిలువుగా మడతలు, కాస్త మురికి, అయినా వేలితో తడితే పెళపెళమంటుంది. ఎఫ్ అంటే బాగా తిరిగిన నోటు: మడతలు లెక్కకు రావు, కాగితం మెత్తబడింది, అంచుల్లో చిన్న చిరుగులు ఉండొచ్చు, నడిమధ్య చిల్లు మాత్రం పడకూడదు. వీజీ, జీ, ఆ కిందివన్నీ చినిగి, మరకలు పడి, మడతలు కలిసేచోట చిల్లులు పడ్డవి. జీ అంటే గుడ్. ఆ మాట చూసి మోసపోకు, నోట్ల లోకంలో గుడ్ అంటే బాగా పాడైనది.

చదవడానికి తేలికే. కంటితో పట్టడమే కష్టం, దానికొక పద్ధతుంది. పొద్దున తూర్పు కిటికీ పక్కన కూర్చో, ట్యూబ్‌లైట్ కింద వద్దు. చేతులు కడిగి పూర్తిగా తుడుచుకో. నోటును రెండు అంచుల దగ్గర పట్టుకుని, చదువుతున్నట్టు ఎదురుగా కాకుండా, పళ్లెంలా పడుకోబెట్టి కంటి ఎత్తుకు తెచ్చుకో. వెలుతురు పక్క నుంచి నోటు మీద జారుతున్నట్టు పడాలి. ఇప్పుడు మెల్లగా అటూ ఇటూ వంచు. ఎదురుగా చూసినప్పుడు నున్నగా కనబడిన నోట్లో నడిమధ్య సన్నటి గీత ఒకటి మెరిసి మాయమవుతుంది. అదే మడత. దాన్ని వెనక తిప్పి కూడా చూడు. రంగు పొర తెగి తెల్లటి గీత కనిపిస్తే గట్టి మడత, తెగకపోతే తేలిక మడత. ఆ తర్వాత నాలుగు మూలలు. భూతద్దంతో చూస్తే కొత్త నోటు మూల కత్తితో కోసినట్టుంటుంది, తిరిగిన నోటు మూల పీచు లేచి గుండ్రబడుతుంది. ఆఖరున నోటును దీపానికి ఎదురుగా పెట్టు. పిన్ను చిల్లులు అప్పుడు చుక్కల్లా వెలుగుతాయి. మన దేశంలో బ్యాంకులు నోట్ల కట్టలకు పిన్ను కొట్టేవి, రిజర్వ్ బ్యాంక్ 2001లో ఆ పద్ధతి ఆపించింది. అందుకే అంతకు ముందు కాలం నోట్లు, మడతే లేకపోయినా, ఎడమ పక్క చిల్లులతో ఉంటాయి. చిల్లులుంటే అమ్మేవాళ్లు ఆ సంగతి రాయాలి. రాయకపోతే నువ్వడుగు.

మడత చూస్తే నోటు ఎక్కడ తిరిగిందో కూడా తెలుస్తుంది. నా ఉద్యోగం నేర్పిన ముచ్చట ఇది. కండక్టర్ నోటును పొడుగ్గా మడిచి వేళ్ల మధ్య ఇరికించుకుంటాడు, అది నోటు పొడుగునా ఒక గీత వేస్తుంది. పర్సులో పెట్టిన నోటుకు నడిమధ్య ఒకే మడత. చొక్కా జేబులోది రెండుసార్లు మడిచి ఉంటుంది. కొంగున ముడేసిన నోటు మీద అడ్డదిడ్డంగా చిన్న చిన్న నలుగుళ్లు ఉంటాయి, అవి ఎప్పటికీ పోవు. ఎక్కడో ఆఫ్రికా నోటు మీద ఆ కొంగు నలుగుళ్లు కనిపించినప్పుడు, అక్కడా ఎవరో తల్లి దాన్ని ముడేసుకుని సంతకు పోయి ఉంటుందని నాకు అనిపిస్తుంది. అలాంటి ఎఫ్ గ్రేడ్ నోట్లంటే నాకు ప్రాణం, ధర లేకపోయినా సరే.

ఇప్పుడు నేను మోసపోయిన సంగతి. హైదరాబాద్‌లో ఒక నాణేల ప్రదర్శనలో నిజాం కాలం ఉస్మానియా సిక్కా ఐదు రూపాయల నోటు చూశాను. మా నాయనమ్మ హాలి రూపాయలు, కల్దార్ రూపాయలు అని రెండు రకాల లెక్కలు చెప్పేది. హాలి అంటే ఈ నిజాం రూపాయే. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు, అంటే బ్రిటిష్ ఇండియా రూపాయలు. హైదరాబాద్ రాజ్యం 1918 నుంచి సొంతంగా కాగితం నోట్లు వేసింది. ఉర్దూతో పాటు ఇంగ్లీషు, తెలుగు, మరాఠీ, కన్నడలో కూడా విలువ రాసి ఉండేది. ఇంగ్లండ్‌లో అచ్చు వేయించిన నోట్లు ఓడలో వచ్చేవి. 1922లో ఈజిప్ట్ అనే ఓడ ఫ్రాన్స్ తీరం దగ్గర మునిగితే, బంగారంతో పాటు ఇంకా సంతకాలు పడని మన నోట్లు కూడా సముద్రం అడుగుకు పోయాయి. 1930ల్లో బంగారం కోసం దిగిన ఇటలీ వాళ్లు వాటిలో కొన్నింటిని పైకి తెచ్చారు. ఇంత కథ ఉన్న నోటు కళ్ల ముందుకొస్తే చెయ్యి ఆగుతుందా? అమ్మినాయన ఈఎఫ్ అన్నాడు, 4,500 ఇచ్చి తెచ్చుకున్నాను.

ఇంటికొచ్చి నా దగ్గరున్న నలిగిన ఐదు సిక్కా నోటు పక్కన పెట్టాను. ఏదో తేడా. నలిగిన నోటు మీద వేలు రాస్తే అచ్చు గరుకు ఇంకా తగులుతోంది. కొన్న నోటు మాత్రం పెళ్లిపత్రిక మీద ఇస్త్రీపెట్టె నడిపినట్టు చదునుగా ఉంది. వాసన చూస్తే బట్టల సబ్బు. యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చ్ కింద పెడితే నోటంతా నీలంగా వెలిగింది. నోట్ల కాగితం మామూలుగా అలా వెలగదు. బట్టల సబ్బుల్లో తెలుపు రావడానికి వేసే రసాయనమే అలా వెలుగుతుంది. నలిగిన నోటును ఉతికి, గంజి పెట్టి, వేడి మీద నొక్కి ఈఎఫ్ అని అమ్మాడన్నమాట. వెనక్కిద్దామని పోతే ఆ మనిషి మళ్లీ కనబడలేదు. ఆ నోటు ఇప్పటికీ నా ఆల్బమ్ మొదటి పేజీలో ఉంది, కొత్తగా ఎవరైనా నేర్చుకోవడానికి వస్తే ముందు దాన్నే చేతిలో పెడతాను.

అందుకే నువ్వు మొదట కొనాల్సినవి రెండు: పది రెట్లు చూపించే భూతద్దం, చిన్న యూవీ టార్చ్. రెండూ కలిపి నీ ఒక నెల డబ్బులో వచ్చేస్తాయి. రెండో నెల ఏదైనా ఒకే చవక నోటును మూడు స్థితుల్లో కొను, ఒకటి కొత్తది, ఒకటి వీఎఫ్, ఒకటి బాగా నలిగింది. నేపాల్, మయన్మార్, ఇండోనేషియా, వియత్నాం చిన్న నోట్లు దీనికి సరిపోతాయి. మూడింటినీ పక్కపక్కన పెట్టి వారం రోజులు రోజూ పొద్దున పది నిమిషాలు చూడు. పుస్తకం చెప్పలేనిది ఆ వారంలో వేళ్లకు పట్టుబడుతుంది.

తర్వాత ఏం కొనాలంటే, నా అభిప్రాయం ఇది. గత ముప్పై నలభై ఏళ్లలో వచ్చిన మామూలు నోట్లయితే యూఎన్‌సీవే తీసుకో, కొత్తవి దండిగా దొరుకుతాయి, నలిగినదానికి రేపు కొనేవాళ్లు ఉండరు. వందేళ్ల నాటి నోట్లయితే ఎఫ్, వీఎఫ్ చాలు, అక్కడ కొత్త నోటు కోసం పట్టుబడితే నీ వెయ్యి రూపాయలు ఏ మూలకూ రావు. చరిత్ర ఇష్టమైతే ధరలు ఆకాశాన్నంటిన కాలాల నోట్లతో మొదలుపెట్టు. 1923 జర్మనీ మార్కుల్లో కొన్ని, హడావుడిలో ఒక వైపే అచ్చేసినవి, ఇప్పటికీ మామూలు ధరకే వస్తాయి. 1993 యుగోస్లావియా 500 బిలియన్ దినార్ల నోటు మీద జ్మాయ్ అనే కవి బొమ్మ ఉంటుంది. కంబోడియాలో అధికారం పట్టిన కమ్యూనిస్టులు, ఖ్మేర్ రూజ్ వాళ్లు, నోట్లు అచ్చు వేయించి, ఆ తర్వాత డబ్బే వద్దని వాడకంలోకి తేలేదు. ఆ నోట్లు పట్టుకుంటే నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. దేనికైనా కొనేముందు దాని పిక్ నంబర్ తెలుసుకో. ఆల్బర్ట్ పిక్ అనే ఆయన మొదలుపెట్టిన ప్రపంచ నోట్ల కేటలాగ్‌లోని నంబర్ అది, అందరూ దాన్నే వాడతారు. న్యుమిస్టా అనే సైట్‌లో ఫోటోలతో సహా ఉచితంగా చూడొచ్చు. అంటార్కిటికా డాలర్లు లాంటివి కూడా అందంగా ఉంటాయి, అయితే అవి ఏ దేశం చెలామణి చేసినవీ కావు.

ప్లాస్టిక్ కవర్‌లో సీలు వేసి, నంబర్‌తో వచ్చే గ్రేడ్ గురించి కూడా అడుగుతావు. పీఎంజీ లాంటి అమెరికా సంస్థలు నోటు చూసి 70 వరకు మార్కులు వేస్తాయి. 60, ఆ పైన అయితే చెలామణి కానిది, 50ల్లో ఏయూ, 40, 45 ఈఎఫ్, 20 నుంచి 35 వీఎఫ్. ఈపీక్యూ అని ఉంటే ఉతకడం, నొక్కడం లాంటి పనులు జరగని అసలు కాగితమని అర్థం. పది, పదిహేను వేలు దాటిన నోటు కొనే రోజు వస్తే అలాంటిదే తీసుకో. అప్పుడు కూడా కవర్ మీది నంబర్‌ను ఆ సంస్థ సైట్‌లో కొట్టి, అక్కడి ఫోటోతో సీరియల్ నంబర్ సరిచూసుకో. ఆ కవర్లకు కూడా నకళ్లు వస్తున్నాయి. వంద రూపాయలు పెట్టి కొన్న నోటుకు మాత్రం ఆ ఖర్చు దండగ.

ఇక మీ తాత నోట్లు. ఇరాక్ నోట్లు 25 దినార్లవైతే జాగ్రత్తగా చూడు. 1990లో ఇరాక్ మీద ఆంక్షలు పడకముందు బయటి దేశాల్లో అచ్చు వేయించిన వాటి కాగితం గట్టిగా ఉంటుంది, గీతలు వేలికి గరుకుగా తగులుతాయి. వాటిని స్విస్ దినార్లు అనేవాళ్లు. 1990 తర్వాత ఇరాక్‌లోనే అచ్చేసినవి పలచటి కాగితం, చదునైన రంగు. 2003లో కొత్త కరెన్సీ వచ్చినప్పుడు ఒక స్విస్ దినార్‌కు 150 కొత్త దినార్లు ఇచ్చారు. రెండో రకం కూడా ఒకటి సంపాదిస్తే, గరుకు అచ్చుకూ చదును అచ్చుకూ తేడా నేర్చుకోవడానికి అంతకంటే మంచి జత దొరకదు. దినార్ ధర రాత్రికి రాత్రి పెరిగి కోటీశ్వరులవుతారని చెప్పి ఇరాక్ కొత్త నోట్లు అంటగట్టేవాళ్లు ఉన్నారు, వాళ్ల దరిదాపుల్లోకి పోకు.

కువైట్ నోట్ల మీద 1968 చట్టం అని, సౌదీ రియాల్ మీద హిజ్రీ 1379 అని ఉండొచ్చు. అవి నోటుకు ఆధారమైన చట్టం తేదీలు, అచ్చేసిన ఏడు కాదు. వాటిని చూసి అరవై ఏళ్ల నోటని చాలామంది పొరబడతారు. ఇంకో సంగతి. ఇరాక్ సైన్యం కువైట్ కేంద్ర బ్యాంకు నుంచి నోట్లు దోచుకుపోయింది. అందుకని కువైట్ పాత సీరీస్‌ను రద్దు చేసి 1991లో కొత్త నోట్లు తెచ్చింది. దోచుకున్న కట్టలే తర్వాత సేకరణదారుల మార్కెట్‌లోకి వచ్చాయి. అందువల్ల మడత పడని కువైట్ నోటు చాలాసార్లు చవకే. సీరియల్ నంబర్ ముందు భాగాన్ని బట్టి ఏది ఏ రకమో కేటలాగ్‌లో తెలుస్తుంది. మీ తాత జేబులో నలిగి వచ్చినవి ఆయన జీతం డబ్బులు. ఉతకొద్దు, ఇస్త్రీ చేయొద్దు, సెల్లో టేపు అంటించొద్దు, లామినేషన్ అసలే వద్దు.

గల్ఫ్ పేరు వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. 1959లో మన ప్రభుత్వం, రిజర్వ్ బ్యాంక్ కలిసి గల్ఫ్ దేశాల్లో వాడకానికి వేరే రంగుల్లో, నంబర్ ముందు జెడ్ అక్షరంతో రూపాయి నోట్లు ఇచ్చాయి. అప్పట్లో అక్కడ చెల్లింది మన రూపాయే. 1961లో కువైట్ సొంత దినార్ తెచ్చుకుంది, తర్వాత ఒక్కొక్క దేశం మారిపోయింది. ఆ గల్ఫ్ రూపాయలు, హజ్ యాత్రికులకిచ్చిన, నంబర్ ముందు హెచ్‌ఏ అని ఉండే నోట్లు ఇప్పుడు చాలా ఖరీదు, నకళ్లు కూడా అంతే ఎక్కువ. కనీసం మూడేళ్లు వాటి జోలికి పోకు.

చట్టం సంగతి రెండు ముక్కలు. విదేశీ నాణేలకు పరిమితి లేదు, విదేశీ కరెన్సీ నోట్లు మాత్రం మొత్తం 2,000 అమెరికా డాలర్ల విలువ వరకే దగ్గర ఉంచుకోవాలి. మన రద్దయిన 500, 1000 నోట్లు సేకరణ కోసమైతే 25 వరకు పెట్టుకోవచ్చని 2017 చట్టం చెప్తోంది. పాత ఐదు రూపాయల నోటుకు లక్షలిస్తాం, ముందు ఫీజు కట్టండి అని ఫోన్ వస్తే పెట్టేయి. తన పేరు వాడుకుని అలా మోసం చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకే 2021లో హెచ్చరించింది.

దాచేటప్పుడు బజారులో దొరికే చవక ఫోటో ఆల్బమ్ వాడొద్దు. అందులోని పీవీసీ మన పాలమూరు, నల్లగొండ ఎండలకు జిగటగా మారి నోటుకు అంటుకుంటుంది. మైలార్ లేదా పాలీప్రొఫిలీన్ కవర్లు అడిగి తీసుకో. ఎండ తగిలే గోడకు ఆనించిన ఇనప బీరువా పైఅరలో పెట్టకు, వానాకాలంలో నెలకోసారి తెరిచి గాలి తగలనివ్వు, చెదలు చూసుకో. ఒక్కో నోటు వెనక చిన్న చీటీ పెట్టి ఎప్పుడు, ఎక్కడ, ఎంతకు కొన్నావో రాయి. మీ తాత ఇంకా ఉన్నాడో లేదో నువ్వు రాయలేదు. ఉంటే, ఆ నోట్లు ఎక్కడ సంపాదించాడో, కువైట్ నుంచి ఎలా బయటపడ్డాడో ఆయన మాటల్లోనే చీటీ మీద రాసి వాటి పక్కన పెట్టు.

ఆ మూడు కువైట్ నోట్లను రెండు వైపులా, పక్క నుంచి వెలుతురు పడేలా, సీరియల్ నంబర్లు కనబడేలా ఫోటోలు తీసి పెట్టు. పెట్టేముందు ఒక్కోదానికి నీ గ్రేడ్ నువ్వు వేసి రాయి. నేను చూసి నాది చెప్తాను.